ఊరందరికీ టోపీ పెట్టిన శెట్టి

మా ఆళ్లగడ్డలో సోమశేఖరం శెట్టిగారికి ఒకే ఒక్క పిచ్చి ఉండేది. ఏటా ధనుర్మాసం వెళ్లగానే ఆయన నెత్తిమీద ఒక ఎర్ర కుచ్చుటోపీ మొలిచేది. నంద్యాలలో కంటి శిబిరం ముగిసి, ఆఖరి ముసలమ్మ కంటిపట్టీ విప్పేదాకా అది దిగేది కాదు. ఆ నెలన్నరా ఆయన ఆ టోపీతోనే బట్టల దుకాణంలో కూర్చునేవాడు, ఆ టోపీతోనే పెళ్లిళ్లకు పోయేవాడు, ఆ టోపీతోనే పరామర్శలకూ పోయేవాడు. పరామర్శకు పోయిన ఇంట్లో ఏడుస్తున్నవాళ్లు ఆయన్ను చూసి, నవ్వాలో ఏడవాలో తేలక, కొంగు అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లిపోయేవాళ్లు.

మామూలు టోపీ అయితే నేనూ పట్టించుకునేదాన్ని కాదు. కుచ్చుటోపీ అన్నాను. ఒకడు ఇంకొకణ్ణి నిలువునా ముంచితే 'కుచ్చుటోపీ పెట్టాడు' అంటాం కదా. అలాంటిది, రోజుకు యాభైమందికి బట్ట కొలిచి చించే మనిషి, తనంతట తాను కుచ్చుటోపీ కుట్టించుకుని నడిబజారులో కూర్చుంటే లోకం ఏమనుకోవాలి? ఆ మాటే నేను ఒకసారి మొహంమీద అడిగేశాను.

"టోపీ పెట్టేవాళ్లు దాన్ని దాచిపెట్టుకుంటారు టీచరమ్మా. నేను బయటికే పెట్టుకున్న్యా. మోసం యాడుంది దీంట్లో?" అన్నాడు.

టీచరమ్మ అంటే నేనే. పేరు రుక్మిణమ్మ. సొంతూరు అహోబిలం, మా నాయన గుళ్లో అర్చకులు. 1973లో నన్ను ఆళ్లగడ్డ ఎలిమెంటరీ స్కూలుకు వేస్తే, శెట్టిగారి దుకాణం మీది మిద్దెగదిలో అద్దెకు దిగాను. నాకు కోపం ఎక్కువని ఊళ్లో పేరు. అది కోపం కాదు, పద్ధతి. పిల్లలు వరుసలో నడవాలి, పెద్దలు పెద్దల్లా కనపడాలి. ఇంత పద్ధతిగల మనిషిని తీసుకొచ్చి దేవుడు సరిగ్గా ఆ టోపీ నెత్తిన కాపురం పెట్టించాడు.

ఆ టోపీ పుట్టడం నేను కళ్లారా చూశాను. దుకాణం అరుగుమీద మోషే అనే దర్జీ మిషను పెట్టుకుని కుట్టేవాడు. నేను వచ్చిన కొత్తలో ఒకరోజు శెట్టిగారు ఎర్ర మఖమల్ గుడ్డను మోషే మిషనుకు తగిలించి, తాను వీధి దాటి కాఫీ హోటలు దగ్గర నిలబడి, కళ్లు సగం మూసి, అట్నుంచి ఇటు చూస్తున్నాడు.

"కంటికి ఆనడంల్యా మోషే. ఇంగా ఎర్రది తీయి."

"ఇంతకంటే ఎర్రదంటే నెత్తురే అన్నా."

"అయితే అంత ఎర్రదే తీయి."

గుడ్డ కుదిరాక ఎత్తు దగ్గర పేచీ వచ్చింది. మోషే నాలుగంగుళాలు కుట్టాడు. శెట్టిగారు వీధి దాటాడు, కళ్లు సగం మూశాడు, తల అడ్డంగా ఊపాడు. మోషే ఆరంగుళాలు చేశాడు. శెట్టిగారు మళ్లీ వీధి దాటాడు. ఈ లోపల రెండు ఎద్దుల బండ్లూ ఒక లారీ ఆయన కోసం ఆగాయి. చివరికి అది బియ్యం కొలిచే పడి అంత ఎత్తు లేచింది. దానికి భుజందాకా వేలాడే కుచ్చు, కుచ్చు చివర ఒక గజ్జె.

"గజ్జె యాలన్నా, ఎద్దుకు మాదిరి?" అన్నాడు మోషే.

"దిష్టి తగలకుండా."

"దీనికి దిష్టి పెట్టేటోడు ఈ తాలూకాలో ఇంగా పుట్టలేదులే అన్నా," అని మోషే దారం కొరికాడు.

ఇంత టోపీ ఎందుకయ్యా అంటే ఆయన కల వచ్చిందనేవాడు. మధ్యాహ్నం రెండు దాటితే ఆళ్లగడ్డ బజారంతా కునుకు తీసేది. కాఫీ హోటల్లో పొయ్యి కూడా మగతగా పొగ వదిలేది. శెట్టిగారు సగం తలుపు వేసుకుని లోపల తానుల మీద ఒరిగేవాడు. తలుపు సందులోంచి పడే ఎండలో నూలుపోగులు మెల్లగా తేలుతుండేవి, కొత్తబట్ట గంజివాసన మిద్దెమీదికి వచ్చేది. సెలవునాడు ఆ వాసనకు నాకు కూడా రెప్పలు బరువెక్కేవి. అట్లాంటి వేళ కల వచ్చిందంటే నమ్మనివాళ్లెవరు?

"నల్లమలలో పోతాండాను టీచరమ్మా," అని నాకు చెప్పాడు. "ఆకంతా రాలిపోయిన చెట్టు ఒగటి. కొమ్మకొమ్మకూ ఎర్ర టోపీలు కాసినాయి. గాలి ల్యాకుండానే ఊగుతాండాయి. కింద ఒక ముసలామె నిలబడి, నాకొగటి కోసియ్యి నాయనా అంటాది. చెయ్యి చాపితే అందదు. ఎగిరితే అందదు. అంతలో ఎవరో పంచెలచాపు కావాలని లేపిరి."

నేను నమ్మేశాను. ఆ రోజంతా పిల్లలకు ఎక్కాలు చెబుతున్నా కళ్లముందు ఆ చెట్టే ఊగింది. మరునాడు బస్సు కండక్టరుకు ఆయన చెబుతున్న కల విన్నాను. అందులో చెట్టు లేదు. ఎర్ర గుర్రం మీద ఒక నవాబు వచ్చి, నా టోపీ రవంత పట్టుకో అని చేతికిచ్చి, కుందూ నదిలో ఈత కొట్టడానికి పోయి మళ్లీ రాలేదట. ఇంకో వారానికి రెవెన్యూ ఇన్‌స్పెక్టరుకు చెప్పిన కలలో పొద్దుగూకేటప్పటి మబ్బుతునక ఒకటి దిగివచ్చి ఆయన నెత్తిన కూర్చుంది. ఒక్క టోపీకి మూడు కలలు. నాతో అబద్ధమాడాడని కోపం వచ్చింది. నాకంటే కండక్టరుకు మంచి కల చెప్పాడని ఇంకా ఎక్కువ కోపం వచ్చింది.

వెళ్లి ఆయన భార్య శారదమ్మను అడిగాను. ఆమె చింతపండు పిక్క తీస్తూ తలెత్తకుండానే చెప్పింది.

"కలలు యాడొస్తాయి టీచరమ్మా, ఆయప్ప నిద్రే పోడు. కండ్లకు తుండుగుడ్డ కట్టుకోని దుకాణంలో తడుముకుంటా తిరుగుతాంటాడు. మొన్న నన్నే స్తంభమనుకోని ఆనుకున్న్యాడు."

"మీరేం చేశారు?"

"ఏం జేస్తా? రవంతసేపు స్తంభం మాదిరే నిలబడితి."

ఇక ఆ టోపీతో ఆయన చేసే పని చెబుతాను. ఆ రోజుల్లో కంటి ఆపరేషనంటే ఇప్పట్లా ఉదయం పోయి సాయంత్రం రావడం కాదు. శుక్లం ముదిరేదాకా ఆగాలి. కోసినాక రెండు కళ్లకూ పట్టీ కట్టుకుని, తల కదల్చకుండా వారం రోజులు వెల్లకిలా పడుకోవాలి. కర్నూలు నుంచి డాక్టర్లు వచ్చి నంద్యాలలో ఒక సత్రంలో పుణ్యానికి కోసేవాళ్లు. రోగులకు పరచడానికి చాపలూ, వండడానికి గింజలూ చుట్టుపక్కల ఊళ్లు సమకూర్చాలి. ఆళ్లగడ్డ భారం శెట్టిగారు మోసేవాడు.

డబ్బు మాత్రం ముట్టేవాడు కాదు. "నెత్తిన కుచ్చుటోపీ పెట్టుకోని దుడ్లడిగితే ఎవుడన్నా నమ్ముతాడా?" అనేవాడు. ఒక చాపో, ఒక పడి బియ్యమో ఇవ్వాలి. ఇచ్చినవాళ్ల నెత్తిన ఆయన తన టోపీ తీసి ఒక్క క్షణం పెట్టి, వీధంతా వినపడేట్టు "ఇదో, కాంపౌండరుకు టోపీ పెట్టినామప్పా" అని అరిచేవాడు. ఆ అరుపు కోసమే జనం చాపలు ఇచ్చేవాళ్లు. హెడ్డు కానిస్టేబులు టోపీ మీద టోపీ పెట్టించుకున్నాడు. ఒక పెళ్లిలో పెళ్లికొడుకు బాసికం పైన పెట్టించుకున్నాడు. ఇదేం అనాచారమని పురోహితుడు లేచాడు. ఆయన పిలక సర్దుకుని కూర్చునేలోగా ఆయనకూ పెట్టేశాడు. ఆ తర్వాత ఊళ్లో ఎవరైనా "శెట్టి నాకు టోపీ పెట్టినాడు" అంటే గొప్ప చెప్పుకుంటున్నట్టు లెక్క.

నేను ఏటా ఒక చాప ఇచ్చేదాన్ని. తల మాత్రం ఇచ్చేదాన్ని కాదు.

"చాప తీసుకోండి శెట్టిగారూ. తల అడక్కండి. రేపు బడిలో పిల్లల ముందు నిలబడాల్సిన తల ఇది."

"ఎప్పటికైనా మీకు టోపీ పెడ్తా టీచరమ్మా."

"నా కంఠంలో ప్రాణం ఉండగా జరగదు."

"సరే, చూస్తాం," అని చాప చంకన పెట్టుకుని గజ్జె మోగించుకుంటూ పోయేవాడు. ఈ నాలుగు మాటలూ ఏటా అక్షరం మారకుండా అనుకునేవాళ్లం.

1977లో మా అమ్మ శ్రీరంగమ్మ కళ్లు బాగా మసకేశాయి. పెళ్లయి అహోబిలం వచ్చిన రోజు నుంచీ స్వామికి తులసిమాల కట్టడం ఆమె పని. ఒకరోజు మాలలో నాలుగు మిరపాకులు వచ్చాయి. మా నాయన వాటిని మెల్లగా తీసేసి, మాట అనకుండా మాల పట్టుకుపోయారు. ఆయన ఏమీ అనకపోవడం వల్లనే అమ్మకు తెలిసిపోయింది. మరునాటి నుంచి ఆమె దారం ముట్టలేదు. గడపలో చేతులు ఒళ్లో పెట్టుకుని ఊరికే కూర్చునేది. మా అమ్మ చేతులు ఖాళీగా ఉండడం నేను పుట్టాక ఎప్పుడూ చూడలేదు.

ఆపరేషను చేయించుకోమ్మా అంటే వినదు. కంటిగుడ్డు పీకి, కడిగి, మళ్లీ పెడతారని ఎవరో చెప్పారు.

"వద్దులేవే రుక్కూ. నాకిప్పుడు పొద్దంతా ధనుర్మాసం తెల్లారిజాము మాదిరే ఉంటాది. అంతా మంచు. మంచులో మీరందరూ వస్తాంటారు, పోతాంటారు. అలవాటైపోయిందే, బాగానే ఉంది."

"బాగుండడమేమిటమ్మా, మంచులో నన్ను చూసి పక్కింటి పద్మమ్మ అనుకుని పిలిచావు."

"పద్మమ్మ మంచిదేలే. నీ మాదిరి అరవదు."

రెండేళ్లు బతిమాలాను, కసిరాను, అలిగాను. ఇంక ముదిరితే కోసినా చూపు రాదని డాక్టరు చెప్పాక నాకు భయం పట్టుకుంది. ఆ సంగతి శెట్టిగారికి చెబుతూ, నాకే తెలియకుండా ఏడ్చేశాను. ఆ ఆదివారం పొద్దున నేను అహోబిలంలో ఉండగా, ఆయన బస్సు దిగి, టోపీ పెట్టుకుని, మా వీధిలోకి వచ్చాడు. దారిపొడుగునా జనం తలుపులు తీసి చూస్తున్నారు. నేను సిగ్గుతో చచ్చిపోయాను.

గడపలో కూర్చున్న అమ్మ తలెత్తింది.

"ఏమే, మోదుగుచెట్టు వీధిలో నడిచొస్తాంది."

నేను బారెడు దూరంలో నిలబడితే గుర్తుపట్టని మనిషి, వీధి మొగలో ఉన్న టోపీని చూసింది. శెట్టిగారు వచ్చి ఆమె ముందు చతికిలబడి, తల కుడికీ ఎడమకూ మెల్లగా ఊపాడు. కుచ్చు వెంట అమ్మ కళ్లు కుడికీ ఎడమకూ కదిలాయి.

"కనపడ్తాండానా అమ్మా?"

"నువ్వు కనపడవు నాయనా. ఎర్రగా ఏదో ఊగుతాంది. మంచులో పొద్దు పొడిచినట్టుంది. ఎంత బాగుందో."

"అది యాడికి పోతే ఆడికి వస్తావా?"

"యాడికి పోతాది?"

"నంద్యాలకు."

అమ్మ మొహం ముడుచుకుంది. "కోస్తారా?"

"నువ్వు వద్దంటే కొయ్యరు. ఊరికే దీని ఎనక రా. నచ్చకపోతే దీని ఎనకే తిరిగొద్దువు."

అమ్మ కాసేపు ఆ కుచ్చునే చూసింది. "సరేలే," అంది. రెండేళ్లుగా కన్నకూతురు చెప్పింది చెవికెక్కలేదు, ఒక్క కుచ్చు ఊగేసరికి మెత్తబడింది. సంతోషంతో పాటు నాకు ఒళ్లు మండింది కూడా.

మంగళవారం ఆళ్లగడ్డలో బస్సెక్కాం. అమ్మతో కలిపి పదకొండుమంది ముసలివాళ్లు, శెట్టిగారు, నేను. దారిలో పొలాలమీద మంచు ఇంకా విడలేదు. నల్లమల కొండలు ఉన్నాయో లేవో అన్నట్టున్నాయి. శిరివెళ్ల దాటేసరికి బస్సంతా తూగుతోంది. కుదుపు కుదుపుకూ గజ్జె మాత్రం మోగుతోంది. నిద్రలోనే ముసలివాళ్ల తలలు ఆ చప్పుడు వైపు తిరుగుతున్నాయి. నేనది చూశాను గానీ అర్థం చేసుకోలేదు. నా ఆలోచన వేరే ఉంది. నంద్యాలలో నాతో ట్రైనింగ్ అయినవాళ్లు ఉన్నారు. మా స్కూళ్ల ఇన్‌స్పెక్టరు గారి ఇల్లు బస్టాండు పక్కనే.

బస్సు దిగగానే అన్నాను. "శెట్టిగారూ, మీకు దండం పెడతాను. సత్రం చేరేదాకా ఆ టోపీ తీసెయ్యండి."

"తీస్తా టీచరమ్మా. కానీ..."

"కానీ లేదు గీనీ లేదు. మా అమ్మ పరువు, నా పరువు."

ఆయన నా మొహం చూశాడు. టోపీ తీసి చంకలో పెట్టుకుని, గజ్జె మోగకుండా పిడికిట్లో పట్టుకున్నాడు. తెల్లపంచె, తెల్లచొక్కా, నెరిసిన జుట్టు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఇప్పుడు నలుగురిలో ఒకరిలా ఉన్నాడు.

అదే తప్పయింది. నంద్యాల బస్టాండులో ఆ పొద్దున తెల్లపంచెలు రెండువందలు ఉన్నాయి. నేను సంచి ఎత్తుకుని వెనక్కి తిరిగేసరికి పదకొండుమందిలో ఒక్కరూ లేరు. ఒకరు కర్నూలు బస్సు దగ్గర, ఒకరు సోడాబండి దగ్గర, ఇద్దరు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని ఎవరి పంచె వెనకో పోతున్నారు. మా అమ్మ ఎక్కడా లేదు. "అమ్మా, అమ్మా" అని పిలిచాను. ఆ బస్టాండులో ఎంతమంది అమ్మలో, అందరూ తిరిగి చూశారు. నా మాట నమ్మనిది, కుచ్చును నమ్మి వచ్చిందే, ఆ కుచ్చును నేనే దాచిపెట్టించానే అని నన్ను నేనే తిట్టుకున్నాను.

శెట్టిగారు టోపీ నెత్తిన పెట్టుకుని, సిమెంటు బెంచీ ఎక్కి, పూనకం వచ్చినవాడిలా తల ఊపడం మొదలుపెట్టాడు. కుచ్చు గిరగిరా తిరిగింది. గజ్జె ఘల్లుఘల్లుమంది.

"ఆళ్లగడ్డ టోపీ ఈడుండాది. రాండి నాయనా, ఈడికి రాండి."

బస్టాండంతా నిలబడి నవ్వింది. ఆ నవ్వుల మధ్యలోంచి ఒక్కొక్క ముసలిమనిషీ, చేతులు ముందుకు చాపుకుని, ఆ ఎరుపు వైపు మొహం పెట్టి, నిదానంగా రావడం మొదలుపెట్టారు. ఎవరూ తడుముకోవడం లేదు. పదిమంది వచ్చి బెంచీ చుట్టూ నిలబడ్డారు. అప్పుడర్థమయింది నాకు, వీధి దాటి సగం కళ్లు మూసి చూడడం ఎందుకో, తుండుగుడ్డ కట్టుకుని స్తంభాలు కౌగిలించుకోవడం ఎందుకో. బడిలో చదువు చెప్పేదాన్నే, ఆరేళ్లు పట్టింది.

మా అమ్మ నందికొట్కూరు బస్సులో దొరికింది. ఎర్ర తలగుడ్డ చుట్టుకున్న ఒక హమాలీ పక్కన కూర్చుని, అతని చొక్కా అంచు గట్టిగా పట్టుకుని ఉంది. ఆ మనిషి బిగుసుకుపోయి ఉన్నాడు.

"టోపీ ఎప్పుడు మారిస్తివి నాయనా? పాతదే బాగుండె," అంటోంది. అంతలో కిటికీ దగ్గర గజ్జె మోగింది. అమ్మ చెవి రిక్కించి, పక్కకు తిరిగి, "గజ్జె ఆడుంటే మరి నువ్వెవరప్పా?" అని అతన్ని నిలదీసింది.

సత్రానికి వరుసగా నడిచాం. ముందు టోపీ, వెనక పదకొండుమంది, అందరికంటే వెనక నేను. ఇన్‌స్పెక్టరు గారు అరుగుమీద నిలబడి చూశారు. చూస్తే చూశారు. సత్రం దగ్గర శెట్టిగారిని అడిగాను, ఇంక కలలు వద్దు, నిజం చెప్పండి అని.

"ఏముంది టీచరమ్మా. మా అమ్మకు కండ్లు మసకేస్తే ఈ నంద్యాలకే పిలుచుకొస్తి. నేనూ తెల్లపంచె, లోకమంతా తెల్లపంచె. నా చెయ్యి జారి ఇంగొకాయన చెయ్యి పట్టుకోని పోయింది. దొరికేసరికి డాక్టరు పోయినాడు. మళ్లా రానంటే రానన్న్యాది. ఎర్రది మాత్రం ఆనుతాదిరా, నువ్వు ఎర్రది ఏసుకోని ఉంటే తప్పిపోకపోదును అన్న్యాది. ఆ చీకట్లోనే పోయింది."

"ఈ మాట ముందే చెప్పొచ్చు కదా. ఆ నవాబులూ మబ్బులూ దేనికి?"

"మా అమ్మ సంగతి చెప్తే జనం ఏడుస్తారు. ఏడ్చేటోడు చాప ఇస్తాడు గానీ నెత్తి ఇయ్యడు. నవ్వేటోడు రెండూ ఇస్తాడు. నాక్కూడా ఏడ్వకుండా జరిగిపోతాది," అని టోపీ సర్దుకుని లోపలికి పోయాడు.

అమ్మకు కోశారు. ఎనిమిదో రోజు పట్టీ విప్పి, డాక్టరుగారు లావుపాటి అద్దాలు పెట్టారు. ఆమె రెప్పలు కొట్టుకుంది. నన్ను చూసి, "చిక్కిపోయినావే రుక్కూ," అంది. ఆ తర్వాత పక్కన నిలబడ్డ శెట్టిగారి నెత్తిమీదికి చూపు తిప్పి, చాలాసేపు చూసింది. మఖమల్ మీద నూనె మరకలు, కుచ్చు సగం ఊడి వేలాడుతోంది, ముందు సొట్ట.

"ఇదా నాయనా అది? కనపడనప్పుడే బాగుండె."

సత్రంలో పట్టీలు కట్టుకుని పడుకున్నవాళ్లు కూడా తల కదపకుండా నవ్వారు. అందరికంటే ఎక్కువ శెట్టిగారు నవ్వాడు. అమ్మ మాత్రం నవ్వలేదు. సూది దారం అడిగింది. సూదిని కిటికీ వెలుగుకు పట్టుకుని, ఒక్కసారికే దారం ఎక్కించింది. ఎక్కించి, తన చేతులను తానే ఒకసారి చూసుకుంది. ఆయన్ను కూర్చోబెట్టి, తులసిమాల కట్టే చేతుల్తో ఆ కుచ్చును మళ్లీ ఊడకుండా కుట్టింది.

ఇక్కడితో ఆపితే కథ శెట్టిగారి గొప్పతో ముగిసేది. కానీ ఆయన నాకు చేసిన పని చెప్పకుండా ఎట్లా?

1985 వచ్చింది. నేను హెడ్‌మిస్ట్రెస్ అయ్యాను. ఒకరోజు శారదమ్మ మెట్లెక్కి వచ్చింది. "ఆయప్ప ఆకుపచ్చ అడిగితే నీలం చించిస్తాండాడు టీచరమ్మా. రెండు కండ్లలోనూ పొర. నంద్యాలకు పొమ్మంటే పోనంటాడు. మీరన్నా చెప్పండి."

దిగి వెళ్లాను. శెట్టిగారు తానులమీద ఒరిగి ఉన్నాడు. వందలమందిని నడిపించుకుపోయిన మనిషి మొహం తిప్పుకున్నాడు.

"నాకు భయం టీచరమ్మా. కలలో డాక్టరే వచ్చి వద్దన్న్యాడు."

"మీ కలల సంగతి నాకు తెలుసు."

"అయినా నేను ఎవరి ఎనక పోవాల? టోపీ నా నెత్తిమీదుంటే నాకెట్ల కనపడుతాది?"

నిజమే. నేను దాని గురించి ఆలోచించనే లేదు. ఆయన తడుముకుంటూ ఆ బస్టాండులో తెల్లపంచెల మధ్య నిలబడి ఉండడం కళ్లముందు కనిపించింది. నా నోట్లోంచి మాట దానంతటదే వచ్చింది.

"నేను పెట్టుకుంటాను. లేవండి."

"మీరా? పిల్లలు చూస్తారు టీచరమ్మా."

"చూడనీండి."

శిబిరం రోజు నా జడ ముడి మీద ఆ పడి అంత టోపీని శారదమ్మ నాలుగు హెయిర్‌పిన్నులతో బిగించింది. ఆళ్లగడ్డ బజారంతా బయటికి వచ్చింది. నా బడి పిల్లలు వరుసలో నిలబడి చూశారు, చెప్పకుండానే వరుసలో నిలబడడం అదే మొదటిసారి. మోషే మిషను ఆపి లేచి నిలబడ్డాడు. నంద్యాలలో దిగి, మెడ నిటారుగా పెట్టుకుని, గజ్జె మోగించుకుంటూ నడిచాను. నా వెనక పధ్నాలుగుమంది. మొదటివాడు శెట్టిగారు.

"రవంత నిదానంగా పోండి టీచరమ్మా. కుచ్చు అందడంల్యా."

"వరుస తప్పకండి," అన్నాను నేను.

సత్రం దగ్గర పేర్లు రాసుకునే ఆమె ప్రసన్నకుమారి అని ఒక నర్సు. ఈయన పేరు రాయండి, భయపడుతున్నాడు, అతి కష్టంమీద పిలుచుకొచ్చాను అన్నాను. ఆమె పుస్తకం తిప్పి, నన్నూ నా టోపీనీ చూసి, పెదవి కొరుక్కుంది.

"శెట్టిగారు నెలకిందటే వచ్చి రాయించుకుని పోయినారు కదమ్మా. మొదటి పేరు ఆయనదే. ఇంకమీద టోపీ వేరొకామె పెట్టుకోనొస్తాది, ఆమె మాట వినండి అని కూడా చెప్పిపోయినారు."

నేను మెల్లగా వెనక్కి తిరిగాను. శెట్టిగారు మసక కళ్లతో నా నెత్తివైపు చూస్తూ నిలబడ్డాడు. మొహంలో ఎక్కడా భయం లేదు.

"పన్నెండేండ్లు పట్టె," అన్నాడు. తర్వాత సత్రమంతా వినపడేట్టు గొంతెత్తాడు. "ఇదో, టీచరమ్మకు టోపీ పెట్టినామప్పా."

కోపం రావాల్సింది. గజ్జె ఘల్లుమనేసరికి నవ్వుతున్నానని తెలిసింది. పక్కన చాపమీద కూర్చున్న ముసలమ్మ ఒకామె ఆ చప్పుడుకు తలెత్తి, నా నెత్తివైపు చెయ్యి చాపి, ఎంత బాగుందమ్మా, ఎర్రగా, ఏందది అని అడిగింది. మొన్న పొద్దున కల వచ్చిందవ్వా అని మొదలుపెట్టి, ఆమె పక్కన కూర్చున్నాను.